నిన్నటిలాగే

క్లాక్స్‌విక్ రేవులో టికెట్ల గది.
కిటికీకి అవతల సముద్రం,
ఇవతల నేనూ, ఓ పాత కంప్యూటరూ.
దాని ఫ్యాను ముందు
నా ఊలు చేతితొడుగులు ఆరేశాను.
మోడల్ గట్టిగా ఆలోచిస్తే అవి తొందరగా ఆరతాయి.

నెట్ సాయంత్రమే పోయింది.
పోతే పోనీ.
దీని బుద్ధంతా ఈ డబ్బాలోనే ఉంది,
మబ్బుల్లో లేదు.
ఫారో దీవుల వాళ్ళం,
మబ్బుల్ని కనిపెట్టుకుని బతుకుతాం గానీ
వాటికి ఏదీ దాచమని ఇవ్వం.

తెర మీద నేను అల్లింది ఇంతే:
ఎనిమిది గళ్ళు, మధ్యన తీగలు.
మొదటి గడి గాలి వేగం చదువుతుంది.
రెండోది అల ఎత్తు.
మూడోది హానుస్ రాసిన పాత పడవ పుస్తకాలు తిరగేసి
ఇలాంటి గాలికి ఆయనేం చేశాడో చూసొస్తుంది
(శీతాకాలమంతా కూర్చుని స్కాన్ చేశాను,
ఆ చేతిరాత ఇప్పుడు నా కలల్లోకి కూడా వస్తుంది).
చివరి గడి, రేపు పొద్దున పడవ కదులుతుందో లేదో
ఒక్క ముక్కలో రాసి పెడుతుంది.
సంతకం మాత్రం నాది.

మీట నొక్కాను.
ఒకటి పచ్చబడింది. రెండు పచ్చబడింది.
మూడో గడిలో చిన్న చక్రం
తిరుగుతూ, తిరుగుతూ,
నా టీ చల్లారింది.
ఎక్కడా ఎరుపు లేదు. అదే చిక్కు.
తప్పు చేస్తే ఎర్రబడాలి కదా,
ఇది తప్పు చేయట్లేదు,
చెప్పిన పని చేస్తూనే ఉంది.

తీగ మీద ఒక చుక్క పెట్టి
ఇక్కడ ఆగు, ఒక్కో అడుగే వెయ్యి అన్నాను.
దాని లోపలి మాటలు బయటికొచ్చాయి:

ఫిబ్రవరి పంతొమ్మిది. 'నిన్నటిలాగే' అని ఉంది. నిన్నటి పేజీ చూస్తాను.
ఫిబ్రవరి పద్దెనిమిది. 'నిన్నటిలాగే' అని ఉంది. నిన్నటి పేజీ చూస్తాను.
ఫిబ్రవరి పదిహేడు

పాడిందే పాట.
మనిషైతే రెండో పేజీకే విసుక్కుని
ఏదో ఒకటి గిలికి పారేసేవాడు.
ఇది మెట్టు మెట్టూ దిగుతోంది.
వెనకే నేనూ దిగాను.
పదకొండు నిన్నలు.

ఎనిమిదో తేదీ పేజీ ఖాళీ.
గాలి లేదు, అల లేదు,
కాగితం మధ్యలో కప్పు అడుగు గుండ్రటి మరక.

గాలి వేగం సున్నా, అని చదువుకుంది నా ఏజెంటు.
ఫిబ్రవరిలో సున్నానా? నమ్మబుద్ధి కావడం లేదు.
మళ్ళీ మొదటినుంచి చూస్తాను.

ఆ అనుమానం దానిది కాదు, నాదే.
పోయిన వారం నిద్రకళ్ళతో నేనే రాశాను:
నమ్మబుద్ధి కాకపోతే మళ్ళీ చూడు.
ఎన్నిసార్లో రాయలేదు.

పదకొండు దాటింది, అయినా హానుస్‌కి ఫోన్ చేశాను.
మేలుకునే ఉన్నాడు, వెనక రేడియో.
"తొంభై ఆరు, ఫిబ్రవరి ఎనిమిది.
పడవ నడిపారా?"
"నడిపాను."
"గాలి ఎంత?"
కాసేపు రేడియో ఒక్కటే వినిపించింది.
"ఆ రోజు నేను గాలిని చూడలేదు, రన్నవా."
"మరి తర్వాత పదకొండు రోజులు?"
"నిన్నటిలాగే" అన్నాడు.

తొమ్మిదో గడి లాక్కొచ్చి పెట్టాను.
రెండు పేజీలకి మించి వెనక్కి నడవకు.
ఖాళీ కనబడితే లెక్క కట్టకు, మనిషిని అడుగు.
గడికి పేరు పెట్టమంది.
'హానుస్' అని కొట్టి, చెరిపి,
'టెలిఫోన్' అని పెట్టాను.

మళ్ళీ మీట. పచ్చ, పచ్చ.
మూడో గడి నుంచి వెలుగు కొత్త తీగ వెంట వంగి
నా ముందుకొచ్చి ఆగింది:
ఒక పేజీ ఖాళీగా ఉంది. ఆ రోజు సంగతి మీకేమైనా తెలుసా?

'తెలుసు' అని టైపు చేశాను.

ఇంకేమీ అడగలేదు. ముందుకెళ్ళిపోయింది.
తీరా చూస్తే పట్టికలో,
గాలి వేగం: తెలుసు.

అది ఇంకో లోపం. రేపు చూస్తాను.
ఎడమచేతి తొడుగు ఆరింది.
కుడిచేతిది ఇంకా తడిగానే ఉంది.